సున్‌రే శీతవిజయము, అనగా ఎర్ర బనీను కథ

స్వస్తి! చిన్నచలి యనియు పెద్దచలి యనియు పంచాంగకర్తలు పేర్లు పెట్టి జనులను భయపెట్టిన రెండు దినముల నడుమ, సైబీరియా మైదానములందు జన్మించి, గాంగ్‌వన్ పర్వతముల కనుమలను లంఘించి, మిరపతోటల ప్లాస్టిక్ గుడారములను చీల్చి, కుక్కల నీళ్ళపళ్ళెములను శిలలుగా మార్చి, ముసలివారి మోకాళ్ళలో ముందుగానే చాటింపు వేయించి, ఉత్తరపవనుడను మహాసేనాని సోల్‌నే నదీతీరమున దండు విడిసిన కాలమున, మూరెడు మందమున గడ్డకట్టిన ఆ నది వీపుపై ముక్‌గోల్ గ్రామస్థుల చేపలపండుగ జరుగుచుండెను.

వేదిక పక్కన తగిలించిన ఉష్ణమాపకం సున్నాకు దిగువ పంతొమ్మిది చూపింది. కాసేపటికి అది కూడా చూపడం మానేసింది.

ఆ మంచుక్షేత్రమున, ఆ మధ్యాహ్నవేళ, ఏ వీరనారి యశస్సు పరీక్షకు నిలిచెనో ఆమె కథను చెప్పెదను. ఆమె పేరు మేంగ్ సున్‌రే. క్యాబేజీ క్షేత్రాధీశ్వరి, ముల్లంగి మర్దని, మూడువందల క్యాబేజీలను ఒక్క పగటిలోనే కిమ్చీగా ఊరవేసిన అఖండ భుజబలశాలిని, యాభైయారు హేమంతములను ఓర్చిన ధీర. ఇంతటి వీరురాలి గుండెలో ఒక ముల్లు ఉండెను. గత సంవత్సరము ఇదే పండుగ పాటలపోటీలో ఆమె చలికి జంకి, మెడ మొదలు మడమల వరకు దిగు నల్లని దూదికోటులోనే వేదిక ఎక్కి పాడగా, మూడవ వరుస నుండి ఒక గొంతు కేక వేసెను:

"అదిగోరోయ్, కింబాప్ పాడుతోంది!"

నల్లని నాచురేకులో అన్నం చుట్టి చేసే ఆ చుట్టను చూడని వాడు ఆ దేశంలో లేడు. కోటులో చుట్టుకున్న సున్‌రేనూ అందరూ చూస్తూనే ఉన్నారు. జనం మంచు పగిలేలా నవ్వారు. ఆ గొంతు తాక్ మిర్యోన్‌ది. ఊరి నడుమ ఆడవాళ్ళ జుట్టుకు ఉంగరాలు తిప్పే సెలూను ఆమెదే. ఆ రోజు మొదలు ఎరువుల కొట్టులోనూ, బస్సులోనూ, చివరికి చర్చి మెట్ల మీద కూడా సున్‌రేకు పేరు పోయింది, బిరుదు మిగిలింది. "కింబాప్ అక్కా, ముల్లంగి బాగా ఊరిందా?" అని అడిగేవాళ్ళు. వాళ్ళకు అందులో తప్పేమీ తోచేది కాదు. సున్‌రే నవ్వేది. నవ్వి, ఇంటికొచ్చి, ఆ రోజు ముల్లంగిని మామూలుకంటే గట్టిగా తరిగేది.

కావున ఈ ఏడు పోటీనాటి ఉదయమున, నెమలిమెడ రంగున తళుకులు పొదిగిన చేతులు లేని గౌనును భుజములపై మోపుకొని, ఇంటిల్లిపాదీ వినుచుండగా, సున్‌రే ప్రతిజ్ఞ పలికెను.

"వినండి! ఈ మేంగ్ సున్‌రే ఈసారి కోటుతో ఆ వేదిక ఎక్కితే, నా కిమ్చీ జాడీలన్నిట్లో పురుగులు పడుగాక! ఇదే గౌనుతో ఎక్కుతాను. మూడు చరణాలూ పాడతాను. ఒక్క పన్ను కూడా పక్క పన్నుకి తగలదు! అప్పుడు చూస్తాను, నన్ను కింబాప్ అనే నోరేదో!"

ఆమె భర్త కూక్ చాన్‌సిక్ ఉడికిన చిలగడదుంప తొక్క తీస్తున్నాడు.

"ఒక్క చరణంతో ఆపేస్తే తొందరగా దిగొచ్చు కదే."

"నువ్వు దుంప తినవయ్యా."

అడుగున సెగ పారుటచే కాగు గదినేలలో, అన్నిటికంటె వెచ్చనైన మూలలో, దుప్పటి కింద కాళ్ళు పెట్టుకొని, ఎనుబదిమూడేండ్ల అత్తగారు బోంగ్నే ఆసీనురాలై ఉండెను. ఆమె ఎవరి ప్రతిజ్ఞకూ కన్నెత్తి చూసే మనిషి కాదు. వెల్లుల్లి రెబ్బలు వలుస్తూనే అంది:

"లోపల నా ఎర్ర జత తొడుక్కో."

ఆ జత సామాన్యమైనది కాదు. తొలిజీతము అందుకొన్న బిడ్డ కన్నవారికి ఎర్రని దళసరి బనీను, లాగు కొనియిచ్చుట ఆ సీమ ఆచారము. తేబెక్ బొగ్గుగనిలో చాన్‌సిక్ మొదటి నెల పనిచేసి ముప్పైయెనిమిదేళ్ళ కిందట తల్లికి తెచ్చినదే ఆ జత. మోకాళ్ళ దగ్గర మాసికలు, మోచేతుల దగ్గర మాసికల మీద మాసికలు. చలికాలం వస్తే ఆమె ఒంటిని అదీ, దాన్ని ఆమె ఒళ్ళూ వదలవు.

"అత్తయ్యా, చేతుల్లేని గౌనులోంచి ఎర్రచేతులు కనిపిస్తే ఏమంటారు? కింబాప్ పోయి ఎండుమిరపకాయ అంటారు."

"మిరపకాయకి కారమైనా ఉంటుంది."

"వద్దు. నా ఏర్పాట్లు నాకున్నాయి."

"చలికి నీ ఏర్పాట్లు తెలుసా?" అంది బోంగ్నే. మరో రెబ్బ వలిచింది.

ఆ ఏర్పాట్లేవనగా: గాలి తగిలినంతనే తమంత తామే కాగు ఇనుపరజను నింపిన, వెనుక జిగురు పూసిన వేడిపొట్లములు తొమ్మిది. వానిని సున్‌రే తలుపు గడియ వేసికొని, గౌను కింది పలుచని లోగౌనుకు, నవగ్రహములను మంటపమున ప్రతిష్ఠించినట్లు ప్రతిష్ఠించెను. వీపున రెండు రెక్కలపై రెండు, నడుమున రెండు, నాభిపై ఒకటి, తొడలపై చెరిరెండు. పైన గౌను, ఆపైన, వేదిక మెట్ల వరకు మాత్రమే అని తనకు తాను ఒట్టు పెట్టుకొని, ఆ నల్లకోటు. అద్దము ముందు నిలిచి వేడి సమానముగా వ్యాపించుటను గమనించి, ఆమె చిరునవ్వు నవ్వెను. గెలిచినవాళ్ళు అలా నవ్వుతారు. గెలవకముందు నవ్వితే మాత్రం చూసేవాళ్ళకు భయం వేస్తుంది.

నదిపై వేదిక వెనుక, గాయకులు తమ వంతు వచ్చువరకు కూర్చుండుటకు ఒక గుడారము నిలిపిరి. లోపల కరెంటు చాప పరిచి కాచిరి. బయట ఊరిపెద్ద నామ్‌గూంగ్ మైకు పట్టుకొని, మంచురంధ్రముల చుట్టూ గాలములు వేసి కూర్చున్న జనము తలలెత్తునట్లు గర్జించెను.

"మొదటి బహుమతి కిమ్చీ ఫ్రిజ్! రెండోది బియ్యం బస్తా! మూడోది ఎండుచేపల దండ! ప్రోత్సాహక బహుమతి, మన సంత బట్టలకొట్టు వాళ్ళిచ్చిన కొత్త ఎర్ర బనీను, లాగు! అదిగో, అక్కడ ఏడో కన్నం దగ్గర పెద్దాయనా, చేప లాగుతోంది చూసుకోండి!"

సున్‌రే వంతు పద్నాలుగు. పదమూడు మిర్యోన్‌ది. వెండిరంగు బొచ్చుకోటు, దాని కింద గులాబిరంగు గౌను, తలమీద కొండ శిఖరంలా దువ్విన జుట్టు. సున్‌రే గుడారంలోకి అడుగు పెట్టగానే మిర్యోన్ లేచి నిలబడింది.

"రండక్కా, రండి! ఇక్కడ కూర్చోండి, చాప మీద ఇదే బాగా కాలే చోటు. మీరు పెద్దవాళ్ళు."

"నాకేం వద్దులే, నువ్వే కూర్చో."

"అయ్యో, మిమ్మల్ని అంచున కూర్చోబెట్టి నేను మధ్యలో కూర్చుంటే ఊరేమంటుంది? జుట్టుకి రంగు వేయడం వచ్చు గానీ మర్యాద రాదు అంటారు. కూర్చోండక్కా!"

ఆ దేశమున పెద్దవారికి వెచ్చని చోటు చూపిన పిమ్మట కాదనుట, చూపినవారి చెంపపై కొట్టుటతో సమానము. మిర్యోన్‌కు తొమ్మిది పొట్లముల రహస్యము తెలియునా? తెలియదు. నిజముగా మర్యాదకే అనెను. శత్రువు పన్నిన వ్యూహమును ఛేదించవచ్చును గాని, శత్రువు చూపిన మర్యాదను ఛేదించు అస్త్రము ఏ గురువూ ఉపదేశింపలేదు. సున్‌రే కూర్చుండెను.

కూర్చున్నాక పులుసు కొట్టు నడిపే ఆమె వేడివేడి చేపపులుసు గిన్నె చేతిలో పెట్టింది. అది కూడా వద్దనకూడదు.

అపుడు చూడవలయును ఆ సంగ్రామమును! కింద కరెంటు చాప, పైన దూదికోటు, కడుపులో చేపపులుసు, ఒంటి చుట్టూ తొమ్మిది అగ్నిగుండములు. నాలుగు దిక్కుల నుండి దావాగ్ని చుట్టుముట్టిన వనమువలె ఆ వీరాంగన కమిలి, ఎర్రబడి, నుదురు మొదలు చెవుల వెనుక వరకు స్వేదబిందువులు మొలిచి, మొలిచినవి కాలువలై, కాలువలు నదులై వెన్ను వెంబడి ప్రవహింపసాగెను. ఏ సేనలను చలిని జయించుటకై పోగుచేసెనో ఆ సేనలే ఆమెపై తిరుగబడెను. తడికి జిగురు వదలెను. మొదట కుడిరెక్క సేనాని కూలి నడుమున చిక్కెను. అతనిని చూచి ఎడమరెక్క సేనానియు దిగజారెను. నాభిని కాచు వృద్ధసేనాపతి క్షణకాలము ఊగిసలాడి, మోకాలిపై వాలి, అటనుండి చాపపైకి ఒరిగి, అందరి కన్నుల ఎదుట 'థప్' మని పడెను.

గుడారంలో అందరూ దాన్ని చూశారు. మిర్యోన్ ముఖం పక్కకు తిప్పుకొని పులుసు తాగింది.

"పదకొండో నంబరు!" అని బయట మైకు అరిచింది.

సున్‌రే ఇక తాళలేక కోటు విప్పి, మిగిలిన పొట్లములను లాగి పారవేసి, ఒక్క గుక్కెడు చల్లగాలికై గుడారపు తెర తొలగించెను. అదియే అదనుగా తెరచాటున పొంచియున్న ఉత్తరపవనుడు లోనికి దుమికి, తడిసిన ఆమె వీపుపై, తడిసిన ఆమె మెడపై, తన వేయి మంచుకత్తులను ఏకకాలమున దించెను. చెమట చల్లబడింది. చల్లబడిన చెమట పల్చని సిల్కుకు పట్టింది. కొండలో కట్టెలు కొట్టే వాళ్ళకు తెలుసు, ఒళ్ళు పొడిగా ఉన్నంతసేపే చలితో మాటలు సాగుతాయని.

అంతట ఆ నిశ్శబ్దమున ఒక చిన్న ధ్వని వినవచ్చెను.

ఠక్.

పన్ను పన్నుకు తగిలింది.

సున్‌రే దవడను రెండు చేతులా పట్టుకుంది. ఏడాది పొడుగునా విన్న పిలుపులన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. కోటు కాళ్ళ దగ్గర పడి ఉంది. వేసుకుంటే ప్రతిజ్ఞ పోతుంది. వేసుకోకపోతే రెండో ఠక్ వస్తుంది, ఆ తర్వాత వేదిక మీద మైకులో వస్తుంది.

సరిగ్గా ఆ ఘడియలో మంచుపై కిర్రుకిర్రుమను చక్రఘోష వినవచ్చెను. ఎవరిదా రథము? ఎప్పుడో మనుమరాలిని తిప్పిన నాలుగు చక్రముల పిల్లబండి. ఊతకఱ్ఱకు బదులుగా దానినే నెట్టుకొనుచు, తలకు గుడ్డ చుట్టుకొని, బోంగ్నే గుడారపు ద్వారమున నిలిచెను. కోడలిని చూసింది. చాపమీద పడ్డ పొట్లాన్ని చూసింది. పిల్లబండిలోంచి తువ్వాలు తీసింది.

"ఇటు తిరుగు. వీపు తుడవాలి."

"అత్తయ్యా, నా పని అయిపోయింది."

"వీపు తడిగా ఉంది, అంతే. ఎవరి పనీ అవ్వలేదు. మిర్యోన్, బండిలో దుప్పటి తీసి అడ్డం పట్టు. పులుసు అమ్మే తల్లీ, నువ్వు కూడా పట్టు, ఆ చివర. చూడొద్దు, ముసలి ఒంట్లో చూసేదేం లేదు."

దుప్పటి చాటున ఏమి జరిగెనో చూచినవారు లేరు. కొంతసేపటికి దుప్పటిపైనుండి ఒక ముడుతల చేయి బయటకు వచ్చెను. ఆ చేతిలో, పుట్టుకతోనే దేహమునకు అంటివచ్చిన కవచము వంటిది, ముప్పైయెనిమిది శీతములలో ఏ శత్రువునకూ లొంగనిది, ఇంకను ఆ దేహపు వేడిని విడువనిది, ఆ రక్తవర్ణ వస్త్రద్వయము వేలాడుచుండెను.

"కత్తెర," అంది బోంగ్నే.

పులుసు కొట్టు ఆమె, తన కిమ్చీ కత్తిరించే కత్తెర అందించింది. దానికి ఇంకా కారం అంటుకొని ఉంది.

"అత్తయ్యా! వద్దు! అది మీ అబ్బాయి మొదటి జీతం!"

బోంగ్నే కత్తెర నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, కోడలి వంక చూసింది.

"వాడి జీతం నెలనెలా వచ్చింది. కోడలు ఒక్కసారే వచ్చింది. చేతులెత్తు."

కసక్! కుడిచేయి తెగెను. కసక్! ఎడమచేయి తెగెను. గౌను మెడ ఎంత దిగునో అంత మెడ దిగెను. గౌను చీలిక ఎంతవరకో అంతవరకు లాగు కాళ్ళు తెగి, రెండు ఎర్రని గొట్టములై చాపపై పడెను. అపుడు పొడిబారిన ఒంటిపై ఆ కవచమును ధరించి, దానిపై నెమలిరంగు గౌనును తొడిగి నిలిచిన సున్‌రేకు, ఎనుబదిమూడేండ్ల ఒక దేహపు వేడి మెల్లగా వెన్నెక్కెను. కొంచెం కర్పూరం వాసన, కొంచెం వెల్లుల్లి వాసన కూడా.

"మరి మీరు?" అంది సున్‌రే.

బోంగ్నే అప్పటికే నల్లకోటు తొడుక్కొని మెడదాకా జిప్పు లాగేసింది. కోటు అంచు నేలను తాకుతోంది.

"నేను ముందు వరసలో కూర్చుంటాను. తల వంచకుండా పాడు."

ఆమె వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. పక్కనున్న ముసలాయన తేరిపార చూసి, "ఈ ఏడు కింబాప్ నువ్వా ఏంటి వదినా?" అన్నాడు.

"అవును. ఏం, కొరుకుతావా?"

ఆయన గాలం వంక చూసుకున్నాడు.

పదమూడవ వంతున మిర్యోన్ తన బొచ్చుకోటును మెట్లకడ విడిచి, గులాబి గౌనుతో వేదిక నధిరోహించెను. ఆమెయు వీరురాలే. కాదనుట అధర్మము. గాని లోపల కవచమేదియు లేదు. మొదటి పాదమునకే ఉత్తరపవనుడు ఆమె కంఠమును పట్టి కుదిపెను. 'నా' అనవలసినచోట 'నా-ఆ-ఆ-ఆ' అని, 'రావా' అనవలసినచోట 'రావ-అవ-అవా' అని స్వరము వణకగా, జిల్లా నుండి వచ్చిన ముగ్గురు న్యాయనిర్ణేతలు కంబళ్ళ లోపల నుండి తలలూపి, "ఆహా, ఏం గమకం! ఏం ఆర్తి!" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకొనిరి. పాట అయ్యేసరికి మిర్యోన్ పెదవులు గౌనుకు సరిపోలేదు. నీలంగా ఉన్నాయి.

"పద్నాలుగో నంబరు! క్యాబేజీ తోటల సున్‌రేగారు!"

భుజములు ఆచ్ఛాదనలేక మెరయుచుండ, తళుకులు హేమంతసూర్యుని ముక్కలు చేసి మంచుపై విసరుచుండ, సున్‌రే మైకు ముందు నిలిచెను. మూడవ వరుస వరకు మౌనము. ఉత్తరపవనుడు తన సర్వసైన్యమును కూడదీసికొని, నది మలుపునుండి ఒక్క పరుగున వచ్చి, గౌనుపై పడెను, సిల్కును దాటెను, దాటి, లోన ఎర్రని కోటగోడను ఢీకొని, ఆశ్చర్యపడి, వెనుకకు తిరిగెను. రేవులో పడవకై ఎదురుచూచు ఆడదాని పాట అది. మొదటి చరణమున పడవ రాలేదు. రెండవ చరణమున మంచు పడెను. మూడవ చరణమున స్వరము కొండకొమ్మున నిలువవలయును.

ఆ కొండకొమ్మునకు ఎక్కుచుండగా ఊపిరి బలమునకు కోసిన అంచు ముడుచుకొని, గౌను చీలికలోనుండి వేలెడు ఎరుపు తొంగిచూచెను. ముందు వరుసలో నల్లకోటు కదిలింది. మోకాలి మీద వేలు పెట్టి రెండుసార్లు కిందికి గీసింది. సున్‌రే చూసింది. పాట ఆపకుండా, పడవ వైపు చేయి చాపుతున్నదానిలా వంగి, ఆ చేత్తోనే అంచును కిందికి లాగింది.

"ఎర్ర అంచు భలే పెట్టించింది గౌనుకి," అని గాలం ముసలాయన పక్కవాడితో అన్నాడు.

అటుపై ఆ స్వరము లేచి, నదిని దాటి, దేవదారువనమును దాటి, ఆవలి కొండకు తగిలి మరలి వచ్చువరకు నిలిచెను. ఒక్క పన్ను మరొక పంటిని తాకలేదు. ఏడవ కన్నం దగ్గర ఒకడు గాలం వదిలేసి చప్పట్లు కొట్టాడు. చేప గాలంతో సహా పోయింది.

న్యాయనిర్ణేతలు ఫలితములు ప్రకటించిరి. కిమ్చీ ఫ్రిజ్ మిర్యోన్‌కు, 'హృదయమును కదిలించిన కంపనమునకు'. బియ్యము చేపపులుసు కొట్టు ఆమె తమ్ముడికి. ఎండుచేపల దండ పక్క ఊరివాడికి. ప్రోత్సాహక బహుమతి సున్‌రేకు. గొంతు మరీ నిశ్చలముగా ఉన్నదని, కొంత వణుకు అభ్యసింపవలెనని వారు సూచించిరి.

మిర్యోన్ బహుమతి అందుకునేందుకు ఎక్కేముందు చలికి ఆగలేక, ఎవరిదో నల్లని పొడుగుకోటు లాక్కుని వేసుకుంది. జుట్టు ఒక్కటే పైకి కనిపిస్తోంది. వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. సున్‌రే అటు తిరిగి చూసింది. చూపు చాలింది.

దిగి వచ్చాక మిర్యోన్ ఆమె చెయ్యి పట్టుకొని పక్కకు లాగింది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"స-సున్‌రే అక్కా, అత్తమ్మ దగ్గర అలాంటిది ఇంకోటుందా?"

ఏడాది తరువాత ఆ నోట ఆ పేరు.  సున్‌రే తెగి పడివున్న ఎర్రగొట్టాల్లో ఒకటి తీసి మిర్యోన్ మెడకు చుట్టింది.

"రేపు తెచ్చి ఇచ్చెయ్. మళ్ళీ కుట్టాలి."

సాయంకాలము ఇంట, వెచ్చని మూలలో దుప్పటి కింద కాళ్ళు పెట్టుకొని కూర్చున్న బోంగ్నే ఎదుట, సున్‌రే రెండు చేతులా కొత్త జతను ఉంచి తలవంచెను. బోంగ్నే డబ్బా తెరచి, గుడ్డను వేళ్ళ నడుమ నలిపి చూసి, మూత పెట్టేసింది.

"బాగుంది. దాచు. ఎప్పుడైనా చలి వేస్తే తొడుక్కుంటాను. నా చేతులు నాకు కుట్టివ్వు."

"కొత్తది ఉండగా పాతదెందుకమ్మా?" అన్నాడు చాన్‌సిక్.

"నువ్వు దుంప తినవయ్యా," అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ.

సున్‌రే సూదిలో ఎర్రదారం ఎక్కించింది.

కావున ఓ జనులారా! ఏబదియారవ ఏట, సున్నాకు దిగువ పంతొమ్మిదవ మెట్టున, చేతులు లేని గౌనున మూడు చరణములు పాడి, ముప్పైరెండు దంతములను ఒకదానికొకటి తగలనీయక కాపాడి, ఉత్తరపవనుని ఒక బనీనుతో మరలించి, పేరును పేరుగా తిరిగి గెలుచుకొన్న మేంగ్ సున్‌రే దిగ్విజయమిది. దీనిని చలికాలమున చదివినవారికి కాలివేళ్ళు వెచ్చబడును. విన్నవారికి వీపు పొడిగా ఉండును. ఎవరికైనా వినిపించినవారికి, వారు కూర్చున్న చోటనే నేల కాస్త ఎక్కువ కాగును.